పేగులో పహారా

దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు పడితే మనిషి ముందు ఏం చేస్తాడు? ఎవరికీ చెప్పడు. రెండోసారి పడితే ఇంట్లో ఆడవాళ్లతో అంటాడు. 'వేడి చేసింది' అన్న తీర్పు అప్పటికప్పుడు వచ్చేస్తుంది. పండుమిరప పచ్చడి నాలుగు రోజులుగా వదలకుండా కలుపుకొన్నందుకు తిట్లు పడతాయి. సబ్జాగింజలు నానబెట్టి ఇస్తారు. మజ్జిగ పోస్తారు. అప్పటికీ తగ్గకపోతే 'మొలలు' అని ఊళ్లోనే ఎవరో ఒకరు మందు రాసిస్తారు. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు... ఎక్కడ అడిగినా కథ ఇంచుమించు ఇదే.

చాలామందిలో అది నిజంగానే మొలలు. కొద్దిమందిలో మాత్రం కాదు. ఆ కొద్దిమందికి 'వేడి' తగ్గించుకోవడంలో ఆరు నెలలో, ఏడాదో గడిచిపోతుంది. లోపల పెద్దపేగు గోడ మీద ఉన్న కణితికి అదంతా కలిసొచ్చిన కాలం.

నేరం మోసేది మిరపకాయ. పాపం, దానికీ ఈ జబ్బుకూ ఉన్న చుట్టరికం వేరు. ఆ చుట్టరికం గుంటూరు మిర్చి నుంచి అమెరికాలోని మెంఫిస్ దాకా వెళ్లింది. మధ్యలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు.

తాలుకాయల్లో ఏముంది?

మిరప పండించేవాళ్లకు కల్లం సంగతి వేరే చెప్పక్కర్లేదు. కోసిన కాయను నేల మీద పరచి రోజుల తరబడి ఎండబెట్టాలి. రాత్రి మంచు పడుతుంది. ఎప్పుడో మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలతాయి. పట్టాలు కప్పేలోపు కాయ తడుస్తుంది. తడిసిన కాయకు బూజు పడుతుంది. రంగు పోయి తాలు అవుతుంది. మంచి కాయ ధర ఒకటి, తాలు ధర ఒకటి. యార్డుకు వెళ్లిన రైతుకు అంతవరకే తెలుసు.

బూజుతో పాటు కాయలోకి దిగే విషం కంటికి కనబడదు. దాని పేరు అఫ్లాటాక్సిన్. ఆస్పర్జిల్లస్ అనే బూజు దాన్ని తయారుచేస్తుంది. ముక్కుకు తెలియదు, నాలుకకు తెలియదు. పోపులో వేయించినా పూర్తిగా పోదు. అది ముఖ్యంగా దెబ్బ కొట్టేది కాలేయాన్ని. కాలేయ క్యాన్సర్‌కు అది కారణమని ప్రపంచమంతా ఒప్పుకొన్న విషయమే.

1998, 1999 సంవత్సరాల్లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లో మిరప ఎక్కువగా పండే ప్రాంతాల మార్కెట్ యార్డులూ, వాటి చుట్టుపక్కల శీతల గిడ్డంగులూ తిరిగి ఎండుమిరప నమూనాలు సేకరించారు. మొత్తం 182. వాటిలో 59 శాతం నమూనాల్లో ఈ విషం ఉంది. 18 శాతంలో అప్పటి పరిమితిని, అంటే కిలోకు 30 మైక్రోగ్రాములను దాటి ఉంది. మూడో రకం కాయ నమూనా ఒకదాంట్లో ఏకంగా 969 మైక్రోగ్రాములు! పరిమితి దాటినవాటిలో ఎక్కువ భాగం మూడో రకం కాయలే. చవగ్గా వస్తున్నాయని కారానికి తాలుకాయలు కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఇది.

2001లో అచ్చయిన ఆ పరిశోధనాపత్రం మీద ఉన్న పేర్లలో ఒకటి కె. తిరుమలాదేవి. పూర్తి పేరు కన్నెగంటి తిరుమలాదేవి. ఆ ఇంటిపేరు వినగానే పల్నాడు వాళ్లకు పుల్లరి సత్యాగ్రహంలో 1922లో ప్రాణాలిచ్చిన కన్నెగంటి హనుమంతు గుర్తొస్తారు. ఈమెది మాత్రం బొగ్గుగనుల ఊరు కొత్తగూడెం. సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ చేశారు. పీజీ, పీహెచ్‌డీ ఉస్మానియాలో.

అప్పట్లో డాక్టర్ డి.వి.ఆర్.రెడ్డి బృందంతో కలిసి ఆమె చేసిన పని, బూజు విషాలను పట్టుకొనే యాంటీబాడీలు తయారుచేయడం. యాంటీబాడీ అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసుకొనే ఒక రకం మాంసకృత్తి. తాళంచెవి ఒక్క తాళానికే పట్టినట్టు, అది ఒక్క శత్రువునే పట్టుకొంటుంది. జంతువు ఒంట్లో ఆ యాంటీబాడీలను తయారుచేయించి, వాటితో మిరపకాయల్లో ఓక్రాటాక్సిన్ అనే మరో విషం ఉందో లేదో కనిపెట్టే పరీక్షను 2000లో ఆ బృందం ప్రకటించింది. ఖరీదైన యంత్రాలు లేకుండా చౌకలో అయిపోయే పరీక్ష.

శరీరం శత్రువును ఎలా గుర్తుపడుతుంది? అప్పటి పని మిరపకాయతోనే అయినా, లోపలి ప్రశ్న అదే. ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

మొక్క నుంచి మనిషికి

పీహెచ్‌డీ అయ్యాక అమెరికా వెళ్లిన తిరుమలాదేవి మొదట పనిచేసింది మొక్కల తెగుళ్ల మీద. బంగాళదుంప, టమాటాలకు వచ్చే ఆకుమాడు తెగులు లాంటివి. మొక్కకు రక్తం లేదు, తెల్లకణాలు లేవు. అయినా తెగులుతో పోరాడుతుంది. ఎలాగంటే, తెగులు సోకినచోట ఉన్న కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. చుట్టూ ఎండిన మచ్చ ఏర్పడుతుంది. బతికున్న కణం దొరకక తెగులు అక్కడే ఆగిపోతుంది. చేలో ఆకుల మీద చిన్నచిన్న ఎండు మచ్చలు చూసి రైతు కంగారుపడతాడు గానీ, ఒక్కోసారి అది మొక్క గెలిచిన గుర్తు.

ఈ తెగింపు వెనక మొక్క కణంలో కొన్ని కాపలా మాంసకృత్తులు ఉంటాయి. అచ్చం అలాంటి నిర్మాణమే ఉన్న మాంసకృత్తులు మనిషి కణాల్లోనూ ఉన్నాయి! మిచిగాన్ విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ నూనెజ్ ప్రయోగశాలలో చేరి ఆమె వాటి మీద పడ్డారు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే కాపలా మాంసకృత్తి బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ తగలగానే ఎలా మేలుకొంటుందో చూపించిన పరిశోధన 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో సొంత ప్రయోగశాల పెట్టారు. అక్కడి నుంచే పెద్దపేగు కథ మొదలవుతుంది.

ఒక్క వరస గోడ

పెద్దపేగు పొడవు సుమారు అయిదడుగులు. లోపలి పొర మందం ఒక్క వరస కణాలు. అంతే! అవతల కోటానుకోట్ల బ్యాక్టీరియా, ఇవతల మన నెత్తురు. ఆ కణాలు నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఇన్నిసార్లు కొత్త కణాలు పుట్టేచోట ఎప్పుడో ఒకసారి తప్పు పుట్టడం వింత కాదు. తప్పు పుట్టిన కణం మీద తప్పు, దాని మీద మరో తప్పు పేరుకొని చిన్న పిలక మొలుస్తుంది. దాన్నే డాక్టర్లు పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది.

పదేళ్లు! గులాబీ రంగు పురుగు పత్తికాయలో చేరాక బయటికి కాయ నిండుగానే కనిపిస్తుంది. పగలగొడితే తప్ప లోపల గుడ్డిపత్తి సంగతి తెలియదు. ఇదీ అంతే.

మరి ఆ పదేళ్లూ కాపలా ఎవరు? పేగు గోడ వెంబడి రోగనిరోధక కణాలు బారులు తీరి ఉంటాయి. శరీరం మొత్తంలో వాటి అతి పెద్ద శిబిరం పేగే. వాటిలో మాక్రోఫేజ్‌లు కనబడిన చెత్తనూ, సూక్ష్మజీవినీ మింగేస్తాయి. సహజ హంతక కణాలు గుర్తింపు చీటీ లేని కణాన్ని చంపేస్తాయి. టి-కణాలు కాస్త చదువుకొన్నవి. ఫలానా శత్రువని నేర్చుకొని, దాన్నే వెతికి పట్టుకొంటాయి.

కల్లం కాపలాకు పడుకొన్న మనిషిని తలచుకోండి. ఆకు కదిలినప్పుడల్లా కేకలు పెడితే ఊరికి నిద్ర ఉండదు. దొంగ వచ్చినా మేలుకోకపోతే కాయ ఉండదు. దొంగను పట్టే హడావిడిలో లాంతరు తన్నేస్తే కల్లమే తగలబడుతుంది. పేగులోని కాపలాకూ సరిగ్గా ఈ మూడు చిక్కులే.

తగలబడటం అంటే వాపు. అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బులో పెద్దపేగు ఏళ్ల తరబడి వాచి, పుండ్లు పడి ఉంటుంది. అలాంటివాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. పుండు పడినప్పుడల్లా మాన్చడానికి కణాలు గబగబా పుట్టాలి. గబగబా పుట్టేచోట తప్పులెక్కువ. అందుకే చాలాకాలం శాస్త్రవేత్తలు ఈ కాపలా మాంసకృత్తులను అనుమానించారు. వాపు పుట్టించేవి ఇవే కదా, క్యాన్సర్‌కూ ఇవే దోవ చూపుతున్నాయేమోనని.

మెంఫిస్ ప్రయోగశాల ఎలుకల్లో ఆ జన్యువులను ఒక్కొక్కటీ తీసేసి చూసింది. అనుకొన్నదానికి ఎదురుగా వచ్చింది ఫలితం. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎలుకల్లో పేగు గోడ త్వరగా చిల్లులు పడింది. కణితులు తగ్గడం అటుంచి, పెరిగాయి. ఆ మాంసకృత్తి ఉంటే ఐఎల్-18 అనే సంకేతం విడుదలై పేగు గోడ బాగుపడుతుందని 2010లో తేల్చారు. మరుసటి సంవత్సరం ఎన్‌ఎల్‌ఆర్‌పీ12 వంతు. ఇది మాక్రోఫేజ్‌లు రెచ్చిపోకుండా పగ్గం వేస్తుంది. పగ్గం తీసేస్తే వాపు పెరిగింది, కణితులూ పెరిగాయి.

అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 2015లో 'సెల్' పత్రికలో వచ్చిన ఎఐఎం2 పరిశోధన. డీఎన్‌ఏ ఉండకూడని చోట ఉంటే పసిగట్టే మాంసకృత్తి ఇది. ఇది లేని ఎలుకల్లో పేగు మూలకణాలు హద్దు లేకుండా పెరిగిపోయాయి. అంటే కాపలా కాయడంతో పాటు, కణాలను 'ఇక చాలు' అని ఆపే పని కూడా ఇదే చేస్తోందన్నమాట. ఆ ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియా కూడా మారిపోయింది. వాటిని ఆరోగ్యంగా ఉన్న ఎలుకలతో ఒకే బోనులో పెంచారు. ఒకదాని బ్యాక్టీరియా మరొకదానికి చేరింది. జబ్బు ఎలుకల్లో కణితులు తగ్గాయి!

జన్యువు పుట్టుకతో వచ్చేది, మార్చలేం. బ్యాక్టీరియాను మార్చవచ్చు. ఇవన్నీ ఎలుకల సంగతులు, మనిషికి మందుగా మారడానికి దూరం చాలా ఉంది. ఆ మాట ముందే అనుకోవాలి. పత్రికల్లో 'క్యాన్సర్‌కు మందు దొరికింది' అని వచ్చే వార్తల్లో సగానికి పైగా ఎలుకలకే దొరికినవి.

తిరుమలాదేవి బృందం తర్వాత కణాల చావు మీద దృష్టి పెట్టింది. కణం చావడానికి మూడు తోవలున్నాయని, వేటికవే వేరని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అవసరమైతే కణం మూడు తోవల్నీ కలిపి ఒకేసారి తొక్కుతుందని వీళ్లు చూపించారు. దానికి పెట్టిన పేరు పానాప్టోసిస్. ఆ చావును అడ్డుకొనే ఒక మాంసకృత్తిని మాక్రోఫేజ్‌ల లాంటి కణాల్లో తీసేస్తే ఎలుకలకు పెద్దపేగు కణితులు అంత తేలిగ్గా రావడం లేదని 2021లో ప్రకటించారు. తెగులు సోకిన ఆకు మీద ఎండు మచ్చ గుర్తుందా? తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది వ్యవహారం.

లెక్కపెట్టిన మనిషి

ఇక మనుషుల సంగతి. కణితిని కోసి తీసిన తర్వాత డాక్టర్లు దాన్ని 'దశ'లుగా చెబుతారు. పేగు గోడలో ఎంత లోతుకు దిగింది, పక్కనున్న లింఫు గ్రంథులకు పాకిందా, కాలేయానికి చేరిందా అన్నది చూసి ఒకటి నుంచి నాలుగు వరకూ అంకె వేస్తారు. అన్నీ కణితిని గురించిన కొలతలే. ఎదుటి పక్షం సంగతి ఎవరూ అడగలేదు.

పారిస్‌లో జెరోమ్ గాలోన్ అనే శాస్త్రవేత్త అడిగారు. ఎప్పుడో ఆపరేషన్ అయిపోయిన రోగుల కణితి ముక్కలు తీసి, వాటిలో టి-కణాలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టించారు. కణితి నడిబొడ్డులోనూ, అంచుల్లోనూ టి-కణాలు గుంపులుగా ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారు. అవి పల్చగా ఉన్నవాళ్లకు కణితి చిన్నదైనా తిరగబెట్టింది. 2006లో 'సైన్స్' పత్రికలో ఇది వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. రోగి బతుకు ఎలా ఉంటుందో చెప్పడంలో వందల మంది డాక్టర్లు వాడే దశల కొలత కంటే ఈ లెక్కే మెరుగని ఆయన అన్నది మరి!

నమ్మించడానికి పన్నెండేళ్లు పట్టింది. 13 దేశాల్లో 2,681 మంది కణితులను ఒకే పద్ధతిలో లెక్కించి 2018లో 'లాన్సెట్'లో ప్రకటించారు. ఆ దేశాల్లో మనది కూడా ఉంది. అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ పాల్గొంది. అందులో మొదట పరీక్షించిన జట్టులో టి-కణాలు బాగా ఉన్నవాళ్లలో అయిదేళ్లలోపు జబ్బు తిరగబెట్టింది 8 శాతం మందికి. తక్కువగా ఉన్నవాళ్లలో 32 శాతానికి. కణాలు ఏవి, ఎన్ని, ఎక్కడ అన్న మూడు సంగతులూ కలిపి వేసిన ఈ మార్కులకు ఇమ్యునోస్కోర్ అని పేరు.

అయితే కాపలావాళ్లంతా మనవైపే ఉంటారనుకోవడానికి లేదు. కణితి కొన్ని మాక్రోఫేజ్‌లను మచ్చిక చేసుకొంటుంది. చంపాల్సినవి కాస్తా దానికి కొత్త రక్తనాళాలు వేయించి తిండి పెడతాయి. ఇంకో రకం టి-కణాలున్నాయి. గొడవ సద్దుమణిగించడం వాటి పని. అవి లేకపోతే శరీరం తన మీద తానే యుద్ధం చేసుకొంటుంది. వాటిని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచికి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ ఇచ్చారు. చాలా క్యాన్సర్లలో ఈ శాంతి కణాలు కణితికి కాపు కాస్తాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో మాత్రం లెక్క తిరకాసు. ఇవి ఎక్కువగా ఉన్న కొందరు రోగులు బాగా బతికినట్టు కూడా తేలింది. వాపును అణచడం ఇక్కడ మేలు కూడా చేస్తుంది కాబట్టి కావచ్చు.

కణితి ఎలా తప్పించుకొంటుందో పత్తి రైతుకు చెప్పడం తేలిక. 2002లో బీటీ పత్తి వచ్చింది. మొదట్లో కాయతొలిచే పురుగులు చచ్చాయి. విషానికి తట్టుకోగలిగినవి నాలుగు మిగిలాయి. అవే పిల్లల్ని పెట్టాయి. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికి లొంగడం మానేసింది. టి-కణాలు కూడా కనబడిన క్యాన్సర్ కణాలన్నిటినీ చంపుతాయి. కనబడకుండా దాక్కోగలిగినవి మిగిలి, కణితిగా ఎదుగుతాయి. డాక్టరు చేతికి చిక్కే కణితి అప్పటికే అలా ఆరితేరిన కణాల గుంపు.

అచ్చుతప్పులు ఎక్కువైతే...

టి-కణం మీద పీడీ-1 అనే మీట ఉంటుంది. అది నొక్కితే కణం చేతులు ముడుచుకొంటుంది. క్యాన్సర్ కణం దాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1ను కనిపెట్టింది. అలాంటిదే మరో మీట మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌తో కలిపి ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ మీట మీద నుంచి క్యాన్సర్ చేతిని తప్పించే మందులే ఇమ్యునోథెరపీలో ముఖ్యమైనవి.

చర్మ క్యాన్సర్‌లో అద్భుతాలు చేసిన ఆ మందులు పెద్దపేగు దగ్గరకు వచ్చేసరికి తుస్సుమన్నాయి. ఒక్క రకం రోగుల్లో తప్ప.

పత్రికలో అచ్చుతప్పులు దిద్దడానికి ప్రూఫ్ రీడర్లు ఉన్నట్టే, కణం డీఎన్‌ఏను నకలు తీసినప్పుడు తప్పులు దిద్దే మాంసకృత్తుల జట్టు ఒకటుంది. దాన్ని ఎంఎంఆర్ అంటారు. ఆ జట్టు పనిచేయని కణితుల్లో తప్పులు వేలల్లో పేరుకుపోతాయి. తప్పులెక్కువైనకొద్దీ ఆ కణాలు తయారుచేసే మాంసకృత్తులు వింతగా మారతాయి. వింతగా ఉన్నదాన్ని టి-కణం ఇట్టే పసిగడుతుంది. అందుకే అలాంటి కణితుల చుట్టూ టి-కణాలు మూగి ఉంటాయి. చేతులు మాత్రం కట్టేసి ఉంటాయి. కట్లు విప్పితే?

2015లో అమెరికాలో పెంబ్రోలిజుమాబ్ అనే మందుతో చూశారు. తప్పులు దిద్దే జట్టు పనిచేయని పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 40 శాతం మందికి కణితులు బాగా తగ్గాయి. ఆ జట్టు సరిగ్గా ఉన్నవాళ్లలో ఒక్కరికీ తగ్గలేదు. తేడా అంత నిక్కచ్చిగా ఉంది. 2022 జూన్‌లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం మరో సంగతి చెప్పింది. ఇదే రకం మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ అనే మందును మూడు వారాలకోసారి ఆరు నెలలు ఇస్తే అందరికందరికీ కణితి కనబడకుండా పోయింది. కోత లేదు, రేడియేషన్ లేదు, కీమో లేదు. 2025 నాటికి ఆ లెక్క 49కి చేరింది. 49 మందిలోనూ అదే ఫలితం.

మలాశయ క్యాన్సర్‌లో కోత అంటే చాలామందికి మలద్వారం తీసేసి, పొట్టకు సంచి తగిలించడం. పొలం పనికి వంగే మనిషికి, పెళ్లికావలసిన పిల్లకు ఆ సంచి ఎంత బరువో వేరే చెప్పాలా? అది తప్పిందంటే బతుకు మారినట్టే.

కాకపోతే ఇలాంటి కణితులు మలాశయ క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమే. పెద్దపేగు క్యాన్సర్లన్నిటినీ కలిపి చూస్తే సుమారు 15 శాతం. మిగతావాళ్లకు ఆపరేషనూ, కీమోనే దిక్కు. పైగా ఈ మందుల ఖరీదు లక్షల్లో. అయినా ఒక సంగతి మాత్రం ప్రతి కుటుంబమూ డాక్టరును అడగవచ్చు. 'ఎంఎంఆర్ పరీక్ష చేయించారా?' అని. బయాప్సీకి తీసిన ముక్క మీదే చేస్తారు. కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంది. ఫలితం చేతికొచ్చాక చికిత్స దారే మారవచ్చు.

ఇంకో ఉపయోగమూ ఉంది. ఆ జట్టులో లోపం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా దిగి వస్తుంది. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. 'మా నాన్నకు నలభై అయిదేళ్లకే పేగు క్యాన్సర్, మేనత్తకు గర్భసంచి క్యాన్సర్' అని చెప్పే ఇంట్లో ఆ మాట డాక్టరు చెవిన పడాలి. అలాంటి ఇళ్లలో అన్నదమ్ములూ, పిల్లలూ ముందుగానే కొలనోస్కోపీ చేయించుకొంటే పాలిప్ దశలోనే తీసేయవచ్చు. మన దగ్గర ఈ విషయం ఇంటిల్లిపాదీ దాస్తారు. పిల్లకు సంబంధాలు రావని భయం.

మిరపకాయకు క్లీన్‌చిట్టా?

మరి కారం సంగతి? పెద్దపేగు క్యాన్సర్‌కు కారణాలుగా రుజువైన వాటిలో మిరపకాయ లేదు. ప్రాసెస్ చేసిన మాంసం, మద్యం, పొగ, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం ఉన్నాయి. మిరపలోని క్యాప్సెయిసిన్ నాలుక మీద మండేది టీఆర్‌పీవీ1 అనే తలుపు తట్టడం వల్ల. ఆ తలుపు పేగు కణాల్లోనూ ఉంది. పేగు కణితులు వచ్చేలా పుట్టించిన ఎలుకలకు క్యాప్సెయిసిన్ కలిపిన తిండి పెడితే కణితులు తగ్గి, 30 శాతం ఎక్కువకాలం బతికాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చెప్పారు. అది చూసి అన్నంలో మరో చెంచా కారం కలుపుకోనక్కర్లేదు. మళ్లీ ఎలుకలే కదా! కారం తింటే మొలలు మండవచ్చు. నెత్తురు ఎందుకు పడుతోందన్న ప్రశ్నకు మాత్రం కారం జవాబు కాదు.

కాపలా కణాలకు తిండి కావాలంటే పీచు తినాలి. మనకు అరగని పీచును పేగు బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే ఇంధనం. వాపును అణచే శాంతి కణాలు పెరగడానికీ అది సాయపడుతుంది. పల్నాటిలో, ఒంగోలు పడమటి మెట్టలో ఒకప్పుడు జొన్నన్నం, సజ్జరొట్టె, వరిగన్నం రోజువారీ తిండి. సాగర్ నీళ్లొచ్చాక తెల్లన్నం వచ్చింది. పీచు కంచంలోంచి వెళ్లిపోయి ఇప్పుడు 'మిల్లెట్స్' పేరుతో సూపర్ మార్కెట్లో కిలోల లెక్కన తిరిగొస్తోంది.

2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది. 9 లక్షల మంది చనిపోతున్నారు. మన దేశంలో కొత్తగా వచ్చేవి ఏడాదికి సుమారు 70 వేలు. జనాభాతో పోలిస్తే తక్కువే. అందుకేనేమో ప్రభుత్వం ఊరూరా చేయించే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పేగు లేదు. అమెరికాలో 45 ఏళ్లు నిండితే లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోమంటున్నారు. ఇక్కడ లక్షణాలున్నవాళ్లయినా వెళ్తే చాలు.

ఏమిటా లక్షణాలు? మలంలో నెత్తురు. అది ఎర్రగానే ఉండాలని లేదు, నల్లగానూ ఉండవచ్చు. కొన్ని వారాలుగా విరేచనం తీరు మారడం, కొత్తగా మలబద్ధకమో, మాటిమాటికీ వెళ్లాలనిపించడమో. కారణం తెలియకుండా బరువు తగ్గడం. నడివయసు దాటిన మగవాళ్లలో రక్తహీనత బయటపడితే డాక్టర్లు మొదట అనుమానించేవాటిలో పేగు ఒకటి. ఐరన్ మాత్రలు రాసి పంపిస్తే సరిపోదు, నెత్తురు ఎక్కడికి పోతోందో చూడాలి. మొలలైతే వేలితో చేసే పరీక్షకూ, చిన్న గొట్టంతో చూసే పరీక్షకూ చాలావరకు తెలిసిపోతుంది. అనుమానం ఉంటే కొలనోస్కోపీ. ముందురోజు పేగు శుభ్రం కావడానికి తాగే మందే కష్టం. పరీక్ష మత్తులో అయిపోతుంది.

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి ఆవరణలోనే నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. పిడుగురాళ్ల నుంచో, అద్దంకి నుంచో పొద్దున బస్సెక్కితే ఓపీ వేళకు చేరుకోవచ్చు. ఆపరేషనైన వాళ్లు ఒక్క పని మరవకూడదు. కోసి తీసిన కణితి ముక్కను పాథాలజీ విభాగం వాళ్లు మైనంలో పోసి చిన్న దిమ్మెగా దాస్తారు. 'బ్లాకు' అంటారు. గాలోన్ లెక్కపెట్టించింది అలాంటి పాత దిమ్మెల్లోని కణాలనే. ఏ ఊళ్లో చికిత్స చేయించుకొన్నా డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ బ్లాకు నంబరు కూడా రాయించుకోండి. రేపు ఎంఎంఆర్ పరీక్ష కావాలన్నా, మరో డాక్టరుకు చూపించాలన్నా అడిగేది అదే.